బజారు వీధిలో బండికి చోటు (విజయనగరం వర్తకుల, నివాసుల సభలో చేసిన ప్రసంగం పాఠం)

సభాధ్యక్షులకు, వర్తక మిత్రులకు, గంటస్తంభం చుట్టుపక్కల వీధుల్లో తరతరాలుగా కాపురముంటున్న పెద్దలకు, ఆటో స్టాండ్ల నుంచి, తోపుడుబండ్ల దగ్గర నుంచి ఈ పూట పని మానుకొని వచ్చిన సోదరులకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

నన్ను పిలిచినవారు ఒకే మాట చెప్పారు. "బజారులో బండి పెట్టుకోవడానికి చోటు లేదు, దానికో మార్గం చెప్పండి" అన్నారు. ఆ మాటలో మొదటి సగంతోనే నాకు పేచీ ఉంది. ఉన్న చోటును పొద్దున్న పట్టుకున్నవారు రాత్రి దుకాణం కట్టేదాకా వదలకపోవడమే మన అసలు జబ్బని నా అభిప్రాయం. జబ్బు ఒకటైతే మందు మరొకటి వేస్తున్నాం కాబట్టే, రోడ్డు వెడల్పు చేసినా, పోలీసులు చలానాలు రాసినా, కొద్ది రోజులు తిరక్కుండానే వీధి మళ్ళీ మొదటికి వస్తోంది.

మాఘంలోనో శ్రావణంలోనో ఒక శనివారం మధ్యాహ్నం ఎం.జి. రోడ్డులో ఒక పక్కగా నిలబడి చూడండి. గజపతినగరం వైపు నుంచో నెల్లిమర్ల వైపు నుంచో ఒక కుటుంబం రెండు బండ్ల మీద పెళ్ళిబట్టలకు వస్తుంది. ముందు బండి నడిపే ఆయన కాళ్ళు నేలకు ఆనిస్తూ, దుకాణం దుకాణం ముందూ ఆగుతూ వెతుక్కుంటాడు. ఒకదాని ముందు పాత టైరు, ఇంకోదాని ముందు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, మూడోదాని ముందు రెండు రాళ్ళకు కట్టిన తాడు ఉంటాయి. నాలుగోచోట బండ్లు వరుసగా నిలబడి ఉంటాయి గాని, వాటి సీట్ల మీద దుమ్ము చూస్తేనే పొద్దున్నుంచి కదల్లేదని తెలిసిపోతుంది. చివరకు ఆడవారిని దింపేసి, మగవారిద్దరూ సందు మొగలో బండ్ల మీదే కూర్చుంటారు. లోపల సేల్స్‌మేన్ చీరలు పరిచిన పావుగంటకే ఫోను మోగుతుంది: "ఇక్కడ బండి తీసేమంటన్నారు, బేగి రండి." ఆ "బేగి రండి" ఖరీదు ఎంతో దుకాణదారులకు నేను చెప్పనక్కరలేదు. పది చీరలు చూడవలసినవారు నాలుగు చూసి లేస్తారు, వచ్చే పెళ్ళికి నేరుగా విశాఖపట్నం బస్సెక్కుతారు.

ఆ దుమ్ము పట్టిన బండ్లు ఎవరివి? నొచ్చుకోకండి, వాటిలో మనవే ఎక్కువ. యజమానిది ఒకటి, కొడుకుది ఒకటి, గుమస్తాది ఒకటి, కౌంటరులో పనిచేసే పిల్లలవి మూడు. ఇరవై అడుగుల ముఖం ఉన్న దుకాణం ముందు బండ్లను నిలువుగా పెడితే ఆరో ఏడో పడతాయి. అంటే చోటు మనతోనే నిండిపోయింది. ఇప్పుడు ఒక చిన్న లెక్క చూద్దాం. దుకాణం పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుందనుకుంటే పదకొండు గంటలు. ఒక కొనుగోలుదారు ముప్పావుగంట ఉంటాడనుకుంటే, ఒక్క బండి చోటులో రోజుకు పద్నాలుగు బండ్లు వచ్చి వెళ్ళవచ్చు. ఆరు చోట్లలో ఎనభై నాలుగు. అందులో సగమే వచ్చాయనుకున్నా నలభై రెండు. ఈ నలభై రెండు బేరాలను కాదనుకొని మన ఆరు బండ్లకు నీడ చూసుకుంటున్నాం. పది కుర్చీల హోటలులో వంటవాళ్ళు, సర్వర్లే పొద్దున్నుంచి కుర్చీల్లో కూర్చొని, గిరాకీ లేదని వాపోతే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

ఇది మనకొక్కరికే వచ్చిన తెగులు అనుకోవద్దు. ప్రపంచంలో మొట్టమొదటి పార్కింగ్ మీటరును, అంటే నాణెం వేస్తే బండి నిలుపుకొనే గడువు చూపించే యంత్రాన్ని, 1935 జూలై 16న అమెరికాలోని ఓక్లహామా నగరంలో పెట్టారు. దుకాణాల్లో, ఆఫీసుల్లో పనిచేసేవారు పొద్దున్నే కార్లు తెచ్చి వీధిలో పెట్టేసి సాయంత్రం దాకా తీయకపోవడంతో, కొనడానికి వచ్చేవారికి చోటు దొరకడం లేదని అక్కడి వర్తకులు మొరపెట్టుకున్నారు. వర్తక మండలి తరఫున ఆ సంగతి చూడవలసి వచ్చిన కార్ల్ మెగీ అనే పత్రికా సంపాదకుడు ఆ యంత్రానికి మూలపురుషుడు. గంటకు ఐదు సెంట్ల నాణెం వెయ్యాలి. దాని ఉద్దేశం చోటును కదిలించడం, నగరానికి వచ్చే రాబడి ఆ తరవాతి మాట. మన దేశంలో ఫీజు అనగానే రాబడి ముందు గుర్తుకొస్తుంది, కదలిక మరుగున పడుతుంది. ఆ తిరకాసు దగ్గరకు తరవాత వస్తాను.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నగర ప్రణాళిక బోధించిన డొనాల్డ్ షూప్ ఈ విషయం మీదే జీవితమంతా పనిచేశారు. ఆయన చెప్పిన సూత్రం మనకు పనికొస్తుంది: వీధిలో ఉన్న చోట్లలో దాదాపు 85 శాతం నిండి, మిగిలినవి ఖాళీగా ఉండేలా రుసుము నిర్ణయించాలి. అంటే ఆరేడు చోట్లకు ఒకటి ఎప్పుడూ ఖాళీగా కనిపించాలి. వంద శాతం నిండిన వీధి బాగా నడుస్తున్న వీధి అని మనం మురిసిపోతాం గాని, అక్కడికి కొత్తగా వచ్చిన మనిషి నాలుగు చుట్లు తిరిగి, ఆ తిరగడంతో రోడ్డును ఇంకా నింపి, చివరకు వెళ్ళిపోతాడు. అదే రాష్ట్రంలోని పాసడీనా పట్టణంలో పాత బజారుకు 1993లో మీటర్లు పెట్టినప్పుడు, వచ్చిన డబ్బును ఆ బజారు కాలిబాటలకు, దీపాలకు, శుభ్రతకే ఖర్చు పెడతామని మాట ఇచ్చి, అలాగే చేశారు. అంతకు ముందు మీటర్లను వద్దన్న వర్తకులు ఒప్పుకోవడానికి ఆ మాటే కారణం.

అయితే వాళ్ళ వీధిని తెచ్చి మన వీధి మీద అతికించలేం. వాళ్ళవి కార్లు, మనవి బైకులు, స్కూటీలు. ఒక కారు నిలిచే చోటులో నాలుగైదు బండ్లు పడతాయి. వాళ్ళ బజార్లు కార్లు తిరిగే రోజులకు తగ్గట్టు కుదురుకున్నవి. మన కోట 1713లో కట్టింది, గంటస్తంభం 1885 నాటిది. వాటి చుట్టూ అల్లుకున్న వీధులు ఎడ్లబండికీ జట్కాకూ కాలినడకకూ సరిపడేలా ఏర్పడ్డాయి. 2011 జనగణన నాటికే రెండు లక్షల ఇరవై వేలు దాటిన ఊరు ఇది. దానికి తోడు చుట్టుపక్కల మండలాల జనమంతా కొనడానికి వచ్చేది ఈ కొద్దిపాటి వీధుల్లోకే.

వెడల్పు లెక్క కూడా ఒకసారి చూడాలి. ముప్పై అడుగుల వీధి అంటే సుమారు తొమ్మిది మీటర్లు. బండిని నిలువుగా పెడితే రెండు మీటర్లు తింటుంది. రెండు వైపులా పెడితే నాలుగు పోగా ఐదు మిగులుతాయి. అందులో ఒక ట్రాలీ ఆటో ఆగి సరుకు దించుతోందంటే మరో మీటరున్నర పోయింది. దుకాణం మెట్లు కాలువ పలక దాటి ముందుకొస్తే, వాటి ముందు చీర కట్టిన బొమ్మను నిలబెడితే, ఆ బొమ్మ ముందు బండి పెడితే, మిగిలేది రెండు ఆటోలు ఒరుసుకొని పోయే సందు. పిల్లను చంకనెత్తుకొని నడిచే తల్లికి ఆ మిగిలినదాంట్లో కూడా వాటా లేదు. అందువల్ల ఇరుకు వీధుల్లో బండ్లు ఒకవైపే నిలవాలి. సరి తేదీల్లో ఒకవైపు, బేసి తేదీల్లో మరోవైపు అనే పద్ధతి పుణె వంటి నగరాల్లో చాలా కాలంగా ఉంది, రెండు వైపుల వర్తకులకూ న్యాయం జరిగినట్టు కనిపిస్తుంది కూడా. కానీ పల్లె నుంచి నెలకొకసారి వచ్చే మనిషి తేదీ చూసుకొని బండి పెడతాడని నేను అనుకోను. ఒకవైపు ఎప్పటికీ బండ్లకు, రెండోవైపు తోపుడుబండ్లకు, సరుకు దించుకోవడానికి కేటాయించి, తెల్ల గీత, పసుపు గీత స్పష్టంగా గీస్తే చదువు రానివారికి కూడా అర్థమవుతుంది.

తోపుడుబండ్ల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పి ముందుకు పోతాను. పార్కింగ్ గొడవ రాగానే ముందు పండ్లబండివాడిని తరమడం మనకు అలవాటైపోయింది. 2014లో వచ్చిన వీధి వర్తకుల చట్టం ప్రకారం వారికి చోటు చూపించే బాధ్యత పట్టణ వెండింగ్ కమిటీది. ఆ కమిటీలో కనీసం నలభై శాతం మంది వీధి వర్తకులే ఉండాలి. అంటే బండ్లకు గీతలు గీసే రోజున వారి ప్రతినిధులు కూడా అక్కడ ఉండి తీరాలి.

ఇప్పుడు ఫీజు సంగతి. మన ఊళ్ళలో బండి స్టాండు అంటే "బండికి పది రూపాయలు, రోజంతా" అనే లెక్క. సినిమా హాలు దగ్గరా రైల్వేస్టేషను దగ్గరా అది సరే, అక్కడ అందరూ ఇంచుమించు ఒకేసేపు ఉంటారు. బజారులో మాత్రం అంతకన్నా చెడ్డ ధర ఇంకొకటి లేదు. పావుగంటలో మందులు కొనుక్కుపోయేవాడికి అది భారం, పదకొండు గంటలు ఉండేవాడికి అది కారుచవక. నా లెక్కలో దుకాణాల ముందు మొదటి గంట ఉచితంగా ఉండాలి. రెండో గంటకు పది రూపాయలు, మూడో గంటకు ఇరవై, ఆపైన ప్రతి గంటకూ ముప్పై అయితే, సరుకు కొనేవాడికి జేబు తడుముకోవలసిన పని ఉండదు, రోజంతా పెట్టేవాడు తానంతట తానే వేరే చోటు వెతుక్కుంటాడు. ఆ వేరే చోటును చూపించాల్సింది కూడా మనమే. నడిచి ఆరేడు నిమిషాల దూరంలో, అంటే అర కిలోమీటరు లోపు, బజారు అంచున యజమానులకు, పనివారికి ఉచితంగా, కాపలాతో, నీడతో ఒక స్టాండు ఉండాలి. కౌంటరులో పన్నెండు గంటలు నిలబడే అమ్మాయికి రాత్రి తొమ్మిదిన్నరకు అక్కడికి నడవడానికి దారిలో దీపాలుండాలి. ఇది చెయ్యకుండా ఫీజు మొదలుపెడితే ఆ అమ్మాయి జీతంలోంచి కోత పడుతుంది, అంతే.

ఈ వసూలు ఎవరు చెయ్యాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. సంతల్లో, మార్కెట్లలో ఆశీలు పాట పెట్టి, ఎక్కువకు పాడినవాడికి అప్పగించే ఆనవాయితీ మనకు బాగా తెలుసు. పార్కింగును ఆ దారిన పెట్టవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. పాట పాడుకున్న గుత్తేదారు తాను కట్టిన సొమ్ము రాబట్టుకోవాలి, అతని తప్పేమీ లేదు. అతనికి కావలసింది టిక్కెట్లు, మనకు కావలసింది ఖాళీ. రెండో వరుస, మూడో వరుస కూడా పెట్టించి టిక్కెట్టు చింపుతాడు. కాలిబాట మీద పెట్టినా చింపుతాడు. టిక్కెట్టు మీద పది అని ఉంటే నోటితో ఇరవై అంటాడు. దీనికి బదులు నగరపాలక సంస్థే జీతానికి మనుషులను పెట్టి, సమయం అచ్చయ్యే చేతిమిషను ఇచ్చి, ఫోనుతో కట్టిన డబ్బు నేరుగా సంస్థ ఖాతాలో పడేలా చూడాలి. వచ్చిన మొత్తాన్ని నెలనెలా గంటస్తంభం దగ్గర బోర్డు మీద రాయాలి. ఆ డబ్బులో మొదటి ఖర్చు బజారుకు వచ్చే ఆడవారి కోసం శుభ్రమైన మరుగుదొడ్డికి, రెండో ఖర్చు కాలువ పలకలకు, దీపాలకు. బజారు డబ్బు బజారులోనే కనిపిస్తే ఫీజు మీద సగం కోపం తగ్గుతుంది. కేంద్రం 2006లో ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానం కూడా వాహనం నిలిపే నేలకు దాని విలువకు తగిన రుసుము ఉండాలనే చెబుతోంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. మోటారు వాహనాల చట్టం 1988లోని 117వ సెక్షను ప్రకారం పార్కింగ్ చోట్లను రాష్ట్ర ప్రభుత్వంగాని, అది అధికారమిచ్చిన సంస్థగాని స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించాలి. ప్రమాదకరంగా నిలపడాన్ని 122వ సెక్షను తప్పంటుంది, నిలపకూడని చోట వదిలేసిన బండిని లాక్కుపోయే అధికారం 127వ సెక్షనులో ఉంది. 2019 సవరణ తరవాత సాధారణ తప్పులకు జరిమానా మొదటిసారి 500 దాకా, మళ్ళీ చేస్తే 1500 రూపాయల దాకా. దుకాణం ముందు రోడ్డు దుకాణానిదని ఏ సెక్షనులోనూ లేదు. టైరు, కుర్చీ, తాడు పెట్టేవారు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. అయితే, పెట్టకూడని చోటే రాసి, పెట్టవలసిన చోటు ఎక్కడా రాయని ఊళ్ళో 500 రూపాయల చలానా న్యాయంగా తోచదు. ముందు గీతలు, ఆ తరవాతే చలానాలు.

వెనక వరుసలోంచి ఒకాయన "సెల్లార్ల మాట ఎత్తరేం?" అని అడుగుతున్నారు. ఎత్తుతాను. 2017 నాటి రాష్ట్ర భవన నిర్మాణ నియమాలు దుకాణ సముదాయాలకు లోపలే పార్కింగ్ చూపించాలంటాయి. కొంత పరిమాణం దాటిన భవనాల్లో ఒక భాగాన్ని నగరపాలక సంస్థకు తనఖా పెట్టించుకొని, కట్టడం ప్లాను ప్రకారం ఉందని తేలాకనే విడుదల చేస్తారు. ఆ విడుదల అయ్యేదాకా సెల్లారు సెల్లారుగానే ఉంటుంది. తరవాత అందులోకి గోడౌనో, పరీక్షల ల్యాబో, ఫాస్ట్‌ఫుడ్డో దిగుతుంది, బండ్లు రోడ్డెక్కుతాయి. ఏడాదికి ఒకసారి, ముందుగా చెప్పకుండా, ప్లాను చేతపట్టుకొని సెల్లార్లు చూసి వస్తే, కొత్త స్థలం ఒక్క గజం కొనకుండానే చాలా చోటు బయటపడుతుంది. విశాఖలో జగదాంబ కూడలి దగ్గర యంత్రాలతో కార్లను అంతస్తుల్లోకి ఎత్తే కట్టడం ఉంది, అలాంటిది మనకూ కావాలని కొందరు కోరుతున్నారు. కార్లతో నిండే పెద్ద నగరానికి దాని అవసరం ఉండవచ్చు. బండ్లతో నిండిన మన ఊరికి, సెల్లార్లు మూతపడి ఉండగా, కోట్లు పోసి ఆ ఇనుపగూడు కట్టడం నాకు నచ్చదు. పెద్దచెరువు అంచున కాస్త మట్టి పోసి చదును చేద్దామనే ఆలోచన ఎవరి మనసులోనైనా ఉంటే దాన్ని అక్కడే ఆపెయ్యండి. పైడితల్లి అమ్మవారు దొరికిన చెరువది.

సరుకు దించే వేళల గురించి, దాన్ని మోసే కళాసీలతో మాట్లాడి తేల్చుకోవాలి. పొద్దున తొమ్మిది లోపు, మళ్ళీ మధ్యాహ్నం బేరాలు పలచబడే రెండు నుంచి నాలుగు దాకా అయితే ఎవరికీ ఇబ్బంది ఉండదని నాకు తోస్తోంది.

నివాసుల కష్టం వేరు. ఉల్లివీధి వంటి చోట్ల, బజారు వెనక సందుల్లో, ఇళ్ళు కారు అనే వస్తువు పుట్టకముందు కట్టినవి. పగలు వారి గుమ్మం ముందు బజారుకు వచ్చినవారు బండ్లు పెట్టి పోతారు. గ్యాసు బండి రాదు, అర్ధరాత్రి పెద్దాయనకు గుండెనొప్పి వస్తే అంబులెన్సు సందు మొగలోనే ఆగిపోతుంది. కాబట్టి పది పన్నెండు అడుగుల సందుల్లో బయటి బండ్లకు అసలే చోటు ఉండకూడదు. అదే సమయంలో నివాసులు కూడా ఒక నిజం ఒప్పుకోవాలి. ఇంట్లో చోటు లేకుండా రెండో కారు కొని, దాన్ని ప్లాస్టిక్ కవరు కప్పి ఏడాది పొడుగునా రోడ్డు మీద పెట్టేవారు మన మధ్యే ఉన్నారు. జపానులో 1962లో చేసిన చట్టం ప్రకారం కారు కొనేవాడు దాన్ని నిలుపుకోవడానికి తనకు సొంతదో అద్దెదో ఒక చోటు ఉన్నట్టు పోలీసుల దగ్గర ధ్రువపత్రం తెచ్చుకోవాలి. మనం అంత దూరం వెళ్ళలేకపోయినా, బజారు వీధిని రాత్రి తొమ్మిదిన్నర నుంచి పొద్దున తొమ్మిది దాకా వెనక సందుల నివాసులకు ఇవ్వవచ్చు. దుకాణాలు కట్టేశాక ఆ చోటు ఎలాగూ ఖాళీయే. ఇంటికి ఒక కారుకు నామమాత్రపు ఏడాది రుసుముతో చీటీ, రెండోదానికి బాగా ఎక్కువ రుసుము పెట్టాలి. పొద్దున తొమ్మిది దాటాక కదలని కారుకు అందరిలాగే గంటల లెక్క మొదలవుతుంది.

"మన జనం నడవరు సార్" అని ఇప్పటికి ముగ్గురు నాతో అన్నారు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు ఏం జరుగుతోందో గుర్తు చేసుకోండి. దసరా తరవాత వచ్చే మంగళవారం లక్షల మంది వస్తారు. పూజారి కూర్చునే పొడవాటి సిరిమాను అమ్మవారి గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ఆ దారిలో ఒక్క బండి కూడా ఉండదు. ఊరి అంచున మైదానాల్లో బండ్లు పెట్టి, పిల్లలను భుజాలకెక్కించుకొని అందరం నడిచే వస్తాం. ఎక్కడ పెట్టాలో ముందే చెబుతారు, దారి చూపించే మనుషులుంటారు, ఎవరికీ మినహాయింపు ఉండదు, అందుకే నడుస్తాం. మామూలు శనివారానికి అందులో పదో వంతు ఏర్పాటు చాలు. నడవలేని పెద్దలకు, వికలాంగులకు, గర్భిణులకు ప్రతి వీధి మొదట్లో రెండు మూడు చోట్లు విడిగా పెట్టాలి, వికలాంగుల విషయంలో అది దయాధర్మం కింద చేసేది కాదు, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కోరుతున్నదే.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి? నేను చెప్పిన ధరలనూ వేళలనూ నమ్మవద్దు, ముందు లెక్క తియ్యండి. గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు వెళ్ళే దారిని నాలుగు ముక్కలు చేసి, ఒక మామూలు మంగళవారం, ఒక శనివారం, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా, గంటకొకసారి నడుస్తూ, నిలిచి ఉన్న ప్రతి బండి నంబరులో చివరి నాలుగు అంకెలు నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఒకే నంబరు ఎన్ని గంటల పాటు అదే చోట కనిపించిందో చూస్తే, రోజంతా పెట్టేవారెందరో, అరగంటలో వెళ్ళేవారెందరో తేలిపోతుంది. మన గురజాడ పేరిట ఉన్న సాంకేతిక విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగు చదివే పిల్లలకు ఇది మంచి ప్రాజెక్టు పని. నంబరు ఎవరిదని ఎవరూ ఆరా తియ్యకూడదు, ఎవరినీ పట్టించకూడదు, అలా చేస్తే రెండో రోజు నుంచి లెక్క అబద్ధమవుతుంది. శ్రావణమూ దసరా లేని నెల చూసుకొని ఈ పని పెట్టుకోవాలి. ఫలితం వచ్చాక దుకాణదారులు, నివాసులు, ఆటోవారు, తోపుడుబండ్లవారు, ట్రాఫిక్ పోలీసులు, నగరపాలక అధికారులు ఒకే గదిలో కూర్చొని ఆ ఒక్క దారికి మూడు నెలల ప్రయత్నం ఒప్పుకుంటే, మిగిలిన వీధుల సంగతి ఆ తరవాత చూసుకోవచ్చు. లెక్కకు రెండు రోజులు సమయమివ్వగలిగినవారు, తమ దుకాణం అరుగు మీద పిల్లలకు కూర్చునే చోటు, మంచినీళ్ళు ఇవ్వగలిగినవారు సభ అయ్యాక ఈ బల్ల దగ్గర పేర్లు రాయించండి. యజమానుల, పనివారి స్టాండుకు తమ ఖాళీ స్థలం అద్దెకివ్వదలచినవారు కూడా ఇక్కడే చెప్పండి, అద్దె సంగతి మాట్లాడుకుందాం.